అక్కయ్య క్రోటన్ మొక్క

1974వ సంవత్సరము మాఘమాసములో మా అక్కయ్య అత్తవారింటికి బయలుదేరెను. బండి యెక్కబోవుచు వెనుకకు తిరిగి, "తమ్ముడూ! నా క్రోటన్ మొక్కను జాగ్రత్తగా చూచుకొనుము" అనెను. అప్పుడు నేను ఎనిమిదవ తరగతి చదువుచుంటిని. ఆ మొక్క పెరటిలో ఒక మట్టికుండీలో ఉండెడిది. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ వన్నెలు కలిసిన దాని దళసరి ఆకులు నూనె రాచినట్లు నిగనిగలాడుచుండెడివి.

ఎండకు వాడిపోవునేమో యని నేను ఆనాడే కుండీని ఇంటిలోని నడవకు చేర్చితిని. ఉదయ మొక చెంబు, సాయంకాల మొక చెంబు నీరు పోయుచుంటిని. ఇంతకంటె జాగ్రత్త యేమి కావలెనని నా నమ్మకము. పది దినములు గడచునంతలో ఆకులు ఒక్కొక్కటిగా రాలసాగెను. నెల తిరుగునప్పటికి నాలుగాకులు మాత్రమే మిగిలెను. ఆషాఢములో అక్కయ్య వచ్చును. ఆమెకు ఏమని చెప్పుదును?

మా వీథిలో ఉద్యోగము విరమించిన మాస్టరుగా రొకరుండిరి. వారిని పిలుచుకొని వచ్చితిని. వారు కాండమును గోటితో ఇంచుక గీరి, లోపలి పచ్చని పొరను చూపి, "నాయనా! ఇది చావలేదు. నీవు దీనిని ప్రేమించితివి గాని దీని స్వభావమును తెలిసికొనలేదు" అనిరి.

ఆ మొక్క సంగతులు నేను నేర్చుకొనుట ఆనాడే మొదలు. క్రోటన్ అనునది వాడుక పేరు. శాస్త్రజ్ఞులు దీనిని కోడియేయమ్ వేరియగేటమ్ అందురు. శాస్త్రములో క్రోటన్ అను పేరు నేపాళము మొదలగు వేరు మొక్కలకు చెందును. రెండు జాతులును ఆముదపు కుటుంబములోనివే. మన తోటలలోని ఈ మొక్కకు పుట్టిల్లు మలేషియా, ఇండోనేషియా, తూర్పు ఆస్ట్రేలియా ప్రాంతములు. ఇది యేడాది పొడవునను ఆకులతో నుండును. ఆకులు కొన్ని రకములలో వెడల్పుగను, కొన్నింట సన్నగను, కొన్నింట మెలి తిరిగియు నుండును. తుంచినచోట కారు రసము కొందరికి దురద పుట్టించును.

ఆకులలో పత్రహరితముతో పాటు పసుపు, ఎరుపు వర్ణద్రవ్యములు ఉండును. వెలుతురు చాలనిచో పచ్చదనమే హెచ్చి తక్కిన వన్నెలు అణగిపోవును. నీరు నిలిచినచో వేళ్లు కుళ్లును. అన్నిటికంటె ముఖ్యము, చోటు మార్చినప్పుడు ఆకులు రాల్చుట దీని స్వభావము.

మాస్టరుగారు కుండీ అడుగున పూడిన రంధ్రమును తెరపించి, పెంకులు పరపించి, మాగిన పశువుల యెరువు కలిపిన మట్టి పోయించిరి. ఉదయపుటెండ తగిలి, మధ్యాహ్నము నీడపడు చోట కుండీ నుంచి, "ఇక దీనిని కదలింపకుము. పైమట్టి ఆరిన పిదపనే నీరు పోయుము" అనిరి. కొన్ని వారములకు చిగురు వేసెను. లేతాకులు మొదట పచ్చగా నుండి, ముదిరినకొలది ఎరుపెక్కసాగెను.

ఆషాఢములో అక్కయ్య వచ్చెను. కొంచెము చిక్కి యుండెను. మాట తగ్గి యుండెను. నేను జరిగినదంతయు దాచక చెప్పితిని. ఆమె కోపపడలేదు. ఒక యాకును వ్రేలితో నిమిరి, "చోటు మారినప్పుడు ఎవరికైనను కొన్నాళ్లు అట్లే యుండును, తమ్ముడూ!" అనెను.

ఆ మాట మొక్కను గూర్చియే యని నేను చాలకాలము అనుకొంటిని.