అంపైరుగా ఒక సాయంకాలం

పద్యానికి గణవిభజన చేయడం తప్ప మైదానంతో పనిలేని నన్ను, 2019లో మా వ్యాయామ అధ్యాపకులు తరగతుల మధ్య సాఫ్ట్‌బాల్ పోటీలకు అంపైరుగా నిలబెట్టారు. 1887లో చికాగో నగరంలో కొందరు యువకులు బాక్సింగు గ్లవును బంతిగా చుట్టి, కర్రతో కొట్టి వినోదించగా పుట్టిన ఆట ఇది. బంతి చుట్టుకొలత 12 అంగుళాలు. పేరుకే మెత్తనిది, మోకాలికి తగిలితే గాని దాని సంగతి తెలియదు.

నిబంధనల పుస్తకం వారం రోజులు చదివాను. బంతి స్ట్రైకా కాదా, పరుగెత్తినవాడు ఔటా సేఫా అన్నది అంపైరు కన్ను తేల్చవలసిన విషయం. ఆటగాని అర్హత అటువంటిది కాదు. అభ్యంతరాన్ని వ్రాసుకొని, ఆట సాగించి, తీర్పు నిర్వాహక సంఘానికి వదలాలి. చదివినప్పుడు ఎంతో సులభమనిపించింది.

సెమీఫైనల్లో నాల్గవ ఇన్నింగ్స్. ఓడిపోతున్న జట్టు కెప్టెన్ నా వద్దకు వచ్చాడు.

"సార్, రోల్సులో ఉన్నవాళ్లే ఆడాలి కదా? వాళ్ల పిచ్చర్ ఫీజు కట్టలేదని పేరు తీసేశారు. మీకు తెలియదా సార్?"

తెలియకేమి? ఆ పేరు మీద ఎర్రసిరా గీత గీసినవాణ్ణి నేనే. స్కాలర్‌షిప్పు సొమ్ము రాలేదు, ఆఫీసు నుండి నోటీసు వచ్చింది, కొట్టివేశాను. అయినా ఆ అబ్బాయి రోజూ వచ్చి చివరి బల్లపై కూర్చునేవాడు. నేను చూచీ చూడనట్లు పాఠం చెప్పేవాణ్ణి. జట్ల జాబితా అంతకు ముందే తయారైనందువల్ల అందులో పేరు నిలిచిపోయింది.

బంతి చేతపట్టుకొని అతడు నావైపు చూచాడు. "వెళ్లిపోనా సార్?"

"అది చెప్పవలసింది నేను కాదు బాబూ. జాబితాలో నీ పేరున్నది. బంతి వెయ్యి."

స్కోరు పుస్తకంలో అభ్యంతరం వ్రాసి, ఇద్దరు కెప్టెన్ల చేత సంతకాలు చేయించాను. మిగిలిన ఆటంతా అతడు తల ఎత్తలేదు. వాళ్లే గెలిచారు; ఒక్కడూ కేక వేయలేదు.

మరునాడు సంఘం నన్ను సాక్షిగా పిలిచింది. గుమ్మం దగ్గర ఒక పెద్దాయన, "ఏం మియా, రిజిస్టరు ఇంట్లో మరచిపోయానంటే సరిపోయేది కదా" అన్నారు. రాత్రి నాకూ తోచిన మాటే అది. రిజిస్టరు బల్లపై పెట్టాను. పేజీ మాత్రం వారే తిప్పుకొన్నారు. ఫలితం రద్దయింది, ఫిర్యాదు చేసిన జట్టు ఫైనల్‌కు వెళ్లింది.

నియమం తప్పు కాదని ఇప్పటికీ నమ్ముతాను. కాని మైదానంలో ఒకరు ఎత్తిచూపేదాకా, ఆ స్కాలర్‌షిప్పు సంగతి కనుక్కోవడానికి నేను ఒక్కసారైనా ఆఫీసుకు పోలేదు. ఆ వారమే పోయాను. సొమ్ము మరో నెలకు వచ్చింది. అతని పేరును పట్టిక అడుగున, 61వ సంఖ్యగా, మళ్లీ వ్రాశాను.