పామేడు దాటి వచ్చినవాళ్లకు

బస్తర్ అడవి వదిలి గోదావరి తీరానికి చేరిన ఆదివాసీలకు కొత్తచోట ఎలా బతకాలో చెప్పినవారు లేరు. ఇరవై ఏళ్లలో కూలి, భాష, సంత వాళ్లే నేర్చుకున్నారు. కాగితాల చదువే ఇంకా మిగిలింది.

పటంలో పామేడు ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. దారి మాత్రం చాలాకాలం తెలంగాణలోనే ఉండేది. బీజాపూర్ జిల్లాలో ఉసూరు బ్లాకుకు దక్షిణపు అంచున, దట్టమైన అడవి మధ్య ఉన్న ఈ ఊరివాళ్లు తమ జిల్లా కేంద్రానికి వెళ్లాలంటే ముందు రాష్ట్రం దాటి చర్లకు రావాలి. అక్కడి నుంచి 200 కిలోమీటర్లకు పైగా చుట్టు తిరిగి మళ్లీ సొంత రాష్ట్రంలోకి ప్రవేశించాలి. పోలీసు క్యాంపుకు సరుకులు హెలికాప్టర్‌లో దిగేవి. బాసగూడ, తర్రెం మీదుగా అడవిని చీల్చుకుంటూ రోడ్డు పడి, బీజాపూర్ నుంచి పామేడుకు నేరుగా బస్సు వచ్చింది 2025లో. దూరం దాదాపు సగానికి తగ్గింది.

అదే చర్ల అయితే ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటు. ఉప్పు, కిరోసిన్, బట్ట, జ్వరానికి సూది, అన్నిటికీ చర్లే. ఇప్పపువ్వు, చింతపండు మోసుకొచ్చి అమ్మేదీ అక్కడి సంతలోనే. బాసగూడ పక్కన పారే తాలిపేరు నది కిందికి దిగి చర్ల దగ్గర పెదమిడిసిలేరు ప్రాజెక్టులో నిలుస్తుంది. మనుషులూ ఆ నీటిదారినే నడిచారు. హద్దుకు అటూ ఇటూ ఉన్నది కోయ మాటే. అటువైపు దోర్లాలు తెలుగు ధారాళంగా మాట్లాడతారు. వియ్యాలు, కయ్యాలు రాష్ట్రాల గీతలకు ముందునుంచీ ఉన్నవే. ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ వంశీకుడు అన్నమదేవుడు తల దాచుకోవడానికి వెళ్లింది బస్తర్‌కే అని చెబుతారు. అప్పుడు వలస వచ్చినవాడు అక్కడ రాజయ్యాడు. ఏడు వందల ఏళ్ల తర్వాత వలస ఎదురు దిశలో నడిచింది. ఈసారి రాజులెవరూ లేరు.

2005 జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలో సల్వా జుడుం మొదలైంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా ఊళ్లను ఖాళీ చేయించి రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. శిబిరానికి వెళితే మావోయిస్టులకు శత్రువు, వెళ్లకపోతే జుడుంకు శత్రువు. రెండూ కాదనుకున్నవాళ్లు మూటాముల్లె సర్దుకుని అడవిదారిన దక్షిణానికి నడిచారు. సుప్రీంకోర్టు 2011 జూలై 5న జుడుం పేరుతో పౌరుల చేతికి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చేనాటికి వలస గూడేలు వెలసి ఆరేళ్లయింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అడవుల్లోనూ, ఒడిశా, మహారాష్ట్రల్లోనూ ఇలా చెదిరిపోయినవారు సుమారు 50 వేల మంది ఉంటారన్నది స్వచ్ఛంద కార్యకర్తల అంచనా. భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల్లోనూ, ఆంధ్రలోని చింతూరు ప్రాంతంలోనూ వీళ్లను గొత్తికోయలంటారు. అది ఇక్కడివాళ్లు పెట్టిన పేరు. వాళ్లలో ఎక్కువమంది తమను తాము మురియాలు అనో, కోయతోర్ అనో చెప్పుకుంటారు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆస్ట్రేలియా ప్రభుత్వం బ్రిటిష్ కుటుంబాలను పది పౌండ్ల టికెట్టుతో ఓడెక్కించి రప్పించుకుంది. దిగగానే హాస్టల్లో గది, పనికి దారి చూపేవాళ్లు. రెండేళ్లు నిండకుండా వెనక్కు వెళితే మాత్రం ఓడ ఖర్చు కట్టి వెళ్లాలి. మెల్‌బోర్న్ వెళ్లే తెలుగు కుర్రవాడికి నేడు విమానం దిగేలోపే అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా, పచారీ కొట్టు చిరునామా చెప్పేవాళ్లు పదిమంది ఉన్నారు. పామేడు అడవి నుంచి వచ్చినవాడికి ఇవేవీ లేవు. ముందు వచ్చిన బంధువు చెప్పిందే పాఠం.

ఆ పాఠంలో మొదటి మాట నీటి గురించి. గూడెం వేసే చోటికి దగ్గర్లో వాగు ఉండాలి, ఎండాకాలం చెలమ తవ్వితే ఊట రావాలి. బోరు కోసం అర్జీ పెట్టేది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు. రెండో మాట అటవీశాఖ హద్దురాయి గురించి. రాయికి లోపల వేసిన గుడిసె ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పలేరు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో గుడిసెలను కూల్చినప్పుడు వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. కేసు తేలేదాకా వలస ఆదివాసీల ఇళ్లను కూల్చవద్దని కోర్టు ఆదేశించింది. అలాగని కొత్తగా చెట్లు నరికే హక్కు ఆ ఆదేశంతో రాలేదు. ఆ తేడా తెలియక చిక్కుల్లో పడినవాళ్లున్నారు.

పనికి కొదవ లేదు. అసలు గోదావరి పక్క మిర్చి తోటలు ఈ చేతుల మీదే నడుస్తున్నాయి. జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా కోతలు. ట్రాక్టర్ ట్రాలీలు హద్దు దాకా వెళ్లి ముఠాలను ఎక్కించుకొస్తాయి. కూలి కిలోకింత అని గానీ రోజుకింత అని గానీ ఉంటుంది. డబ్బుకు బదులు మిర్చి కొలిచి ఇచ్చే అలవాటూ ఉంది. ఇక్కడే జాగ్రత్త. కాటా ఎవరిది, రాను పోను బండి ఖర్చు ఎవరిది, అడ్వాన్సు ఎంత అన్నది బండి ఎక్కకముందే నలుగురి ఎదుట మాట్లాడుకున్న ముఠాకు తర్వాత గొడవ తక్కువ. పిల్లల్ని వెంట తీసుకెళ్లడం మరీ ప్రమాదం. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో పని ఆగిపోయి, ములుగు జిల్లా మిర్చి తోటల నుంచి కాలినడకన బయలుదేరిన 12 ఏళ్ల బీజాపూర్ బాలిక ఇల్లు చేరకుండానే దారిలో ప్రాణం విడిచింది. కోతలకు వెళ్లే ముఠాల్లో పిల్లలున్నారన్న సంగతి దేశానికి అప్పుడు గుర్తొచ్చింది. అంతకు ముందు ఎవరికీ తెలియదని కాదు.

మేలో లెక్క తిరగబడుతుంది. తునికాకు కోతకు చాలామంది సొంత ఊళ్ల వైపు చూస్తారు. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో ఆ బస్తా ధరను 4,000 నుంచి 5,500 రూపాయలకు పెంచింది. కొన్ని రోజుల పనికి వచ్చే ఆ సొమ్ము తక్కువేమీ కాదు.

ఇక కాగితాలు. పేరుతోనే తంటా మొదలవుతుంది. ఛత్తీస్‌గఢ్ కార్డు మీద దేవనాగరిలో కవాసి అని ఉన్నది ఇక్కడి గుమాస్తా చేతిలో కొవ్వాసి అవుతుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనక. ఆధార్‌లో ఒకటి, బడి రిజిస్టర్‌లో మరొకటి, బ్యాంకు పుస్తకంలో ఇంకొకటి ఉంటే ఆ మనిషి కాగితం మీద ముగ్గురవుతాడు. అందుకని ఏదో ఒక స్పెల్లింగును ఖాయం చేసుకుని మిగిలినవన్నీ దానికి సరిపెట్టుకోవాలి. ఆధార్‌కు స్థానికతతో పనిలేదు, నివాసం చాలు. ఏ కాగితమూ లేనివారిని ఇంటి పెద్ద కార్డు ఆధారంగా గానీ, అధీకృత పరిచయకర్త ద్వారా గానీ నమోదు చేసే వీలుంది. పుట్టిన పిల్లల విషయంలో మాత్రం నిర్లక్ష్యం చేయకూడదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి బడి నుంచి ఉద్యోగం దాకా పుట్టినతేదీకి జనన ధ్రువీకరణపత్రమే ఆధారం. కాన్పు గుడిసెలో జరిగినా 21 రోజుల్లో పంచాయతీలో నమోదు చేయిస్తే ఖర్చు లేకుండా పోతుంది.

బియ్యానికి కొత్త కార్డు దొరికేదాకా ఆగనక్కర్లేదు. ఒకే దేశం ఒకే రేషన్ విధానంలోకి 2022లో ఛత్తీస్‌గఢ్ కూడా చేరింది. జాతీయ ఆహారభద్రత చట్టం కింద ఉన్న పాత కార్డు మీదనే చర్లలోనో భద్రాచలంలోనో వేలిముద్ర వేసి కేంద్రం కోటా తీసుకోవచ్చు. రాష్ట్రాలు తమ ఖజానా నుంచి కలిపి ఇచ్చేది మాత్రం హద్దు దాటదు. అంగన్‌వాడీ భోజనానికి, ఆశా కార్యకర్త ఇచ్చే మలేరియా మందుకు కులం కాగితం ఎవరూ అడగకూడదు. బడి విషయంలోనూ అంతే. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లవాడిని టీసీ లేదన్న సాకుతో వెనక్కు పంపడానికి 2009 నాటి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టాలి. ఇంట్లో కోయ మాట, అన్న చదివింది హిందీ, తాను చదవాల్సింది తెలుగు. అయినా ఇక్కడ పుట్టిన పిల్లలు రెండేళ్లలో తెలుగు పట్టేస్తున్నారు. పేచీ చదువు ముగిశాకే వస్తుంది.

ఎందుకంటే పామేడులో ఎస్టీ అయిన మనిషి చర్లలో ఎస్టీ కాదు. రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం గిరిజన జాబితా రాష్ట్రానికొకటి. ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన 1990 నాటి తీర్పు ఒక తెలుగువాడి కేసులోనిదే కావడం విశేషం. తెనాలిలో పుట్టి బొంబాయిలో మెడికల్ సీటు అడిగిన మర్రి చంద్రశేఖరరావుకు ఆంధ్రప్రదేశ్ ఎస్టీ హోదా మహారాష్ట్రలో చెల్లదని కోర్టు తేల్చింది. ఛత్తీస్‌గఢ్ జాబితాలో గోండుల కింద మురియా, దోర్లా, కోయ పేర్లున్నాయి. తెలంగాణ జాబితాలో కోయలతో పాటు గుట్ట కోయ, కమ్మర కోయ, లింగధారి కోయ వంటి పేర్లున్నాయి. గొత్తికోయ లేదు. గుట్టకూ గొత్తికీ మధ్య ఉన్న ఆ కాస్త తేడా మీద ఒక తరం పిల్లల హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్, ఉద్యోగం వేలాడుతున్నాయి.

ఇందులోనే మరో విడ్డూరం ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకుండా అడ్డుకునే 1/70 చట్టాన్ని అక్షరాలా చూస్తే, ఈ లెక్కన గొత్తికోయ కూడా గిరిజనేతరుడే. గిరిజనుడి భూమిని కాపాడటానికి తెచ్చిన చట్టం అడవి నుంచి వచ్చిన గిరిజనుడికే అడ్డుగోడ అయింది. అయినా బీజాపూర్ నుంచి తండ్రి పేరిట కులధ్రువీకరణ తెచ్చుకోవడం దండగ కాదు. సొంత రాష్ట్రంలోనూ, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లోనూ అది చెల్లుతుంది. దారే లేని రోజుల్లో ఆ కాగితం కోసం వెళ్లడం అసాధ్యం. ఇప్పుడు బస్సుంది.

అసలు పోరు భూమి దగ్గర. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందునుంచి సాగులో ఉన్నవారికే పట్టా ఇస్తుంది. వలస మొదలైంది ఆ ఏడాది జూన్‌లో. ఎక్కువమంది ఆ గడువు దాటాకే వచ్చారు. 2023లో తెలంగాణ లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చినప్పుడు, ఆలస్యంగా వచ్చినవాళ్లు చూస్తూ ఉండిపోయారు. వాళ్లు నరికిన చోటే హరితహారం మొక్కలు నాటారు. ఆ మొక్కల దగ్గరే కొట్లాటలు. 2022 నవంబరులో చంద్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర రేంజ్ అధికారి చలమల శ్రీనివాసరావు హత్య జరిగింది. దోషులిద్దరికి మరుసటి ఏడాది యావజ్జీవ శిక్ష పడింది. కానీ గొత్తికోయలందరినీ పంపేయాలంటూ పంచాయతీ తీర్మానం అంతకు ముందే వచ్చింది. మొదట్లో చుట్టాలని చోటిచ్చిన స్థానిక కోయల్లో కూడా అడవి తరిగిపోతోందన్న గుబులుంది. అది కాదనలేనిది. కానీ ఇద్దరు చేసిన నేరానికి వేలమందిని హద్దు దాటించాలనడం న్యాయమూ కాదు, సాధ్యమూ కాదు.

మరి వెనక్కు వెళ్లొచ్చు కదా? ఆ ప్రశ్నకు ఇప్పుడు కొంత అర్థం వచ్చింది. 2024లో ఛత్తీస్‌గఢ్ 'నియద్ నెల్లనార్', అంటే 'మీ మంచి ఊరు', అనే పథకం పెట్టి కొత్త క్యాంపుల చుట్టూ ఉన్న ఊళ్లకు రేషన్, కరెంటు, బడి చేరుస్తామంది. 2025 ఏప్రిల్, మే నెలల్లో పామేడుకు పొరుగునే ఉన్న కర్రెగుట్టల మీద భారీ ఆపరేషన్ సాగింది. భయం తగ్గిందనేవారున్నారు, తుపాకులు మారాయంతే అనేవారూ ఉన్నారు. గూడెంలో పెద్దవాళ్లు ఊరి దేవత పండుగకు వెళ్లి వస్తున్నారు. ఇక్కడ పుట్టిన ఇరవై ఏళ్ల కుర్రాడికి మాత్రం పామేడు తండ్రి చెప్పే కథ. అతని స్నేహితులు, ఫోను రీచార్జి, మిర్చి మేస్త్రి అందరూ చర్లలోనే ఉన్నారు.

వెళ్లాలనుకునే కుటుంబం ముందు చూసుకోవలసినది పాత పొలం ఎవరి సాగులో ఉందన్నది. ఇరవై ఏళ్లు బీడుపడిన నేలను అన్నదమ్ములో, పొరుగువారో దున్నుకుంటూ ఉంటారు. గ్రామసభలో పెద్దల ఎదుట మాట తేల్చుకోకుండా సామాను బండికెక్కిస్తే రెండు ఊళ్లకూ చెడతారు. పాత ఊళ్లో హక్కుపత్రం కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువుకు ముందే అక్రమంగా వెళ్లగొట్టబడినవారికి ప్రత్యామ్నాయ భూమి ఇవ్వాలనే 3(1)(ఎమ్) క్లాజు కూడా అదే చట్టంలో ఉంది, ఎక్కడికి చెదిరినా అడగవచ్చు. ఓటు విషయం కూడా తేల్చుకోవాలి. రెండు రాష్ట్రాల జాబితాల్లో పేరుండటం చట్టవిరుద్ధం. 2025 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన ప్రత్యేక సవరణలో ఇంటింటికీ ఫారాలు పంచారు. ఇంట్లో మనిషి లేకపోతే పేరు నిలిచే అవకాశం తక్కువ. ఉండిపోయేవాళ్లు ఫారం 8తో ఓటు ఇక్కడికి మార్చుకోవాలి. వెళ్లేవాళ్లు పిల్లల టీసీలు, జనన పత్రాలు ఇక్కడే తీసుకుని మరీ బస్సెక్కాలి. మళ్లీ చర్లకు రావడం కష్టమేమీ కాదు గానీ, జూన్‌లో అక్కడ బడి తెరిచేసరికి అవి చేతిలో ఉండాలి.