తలుపు కింద సందు

డిసెంబరు 2, 2023, శనివారం. లీడ్స్

ఎనిమిది దాటితే గాని తెల్లారలేదు. నాలుగు కాకముందే మళ్ళీ దీపాలు. కంబ్రియా వైపు మంచు కురిసి కార్లు రోడ్ల మీదే ఇరుక్కుపోయాయని టీవీలో చూపించారు. ఇక్కడ మంచు పడలేదు గాని చలి మాత్రం ఎముకలు కొరుకుతోంది.

అమ్మాయి చెవుల్లో దూది పెట్టి తలకు గుడ్డ కట్టాను. "ఇంట్లోనే ఉన్నాం కదమ్మా, దూదెందుకు?" అంది. పచ్చి బాలింతరాలు, పాపకు ఇంకా నెల నిండలేదు. సోఫాలో కూర్చుని పాలిస్తుంటే కాళ్ళ దగ్గర చల్లగా తగులుతోందని తనే అంటుంది, దూది వద్దని కూడా తనే అంటుంది. నేనూ నేల మీద చతికిలబడి చూశాను. నిజమే. చలి గదంతా ఒకే తీరుగా లేదు. నేలనంటి జానెడు ఎత్తున పారుతోంది. వీధి తలుపు కింద నుంచి.

హీటరు 19 మీద ఉంది. కాస్త పెంచు నాయనా అంటే అల్లుడు మొహమాటంగా నవ్వాడు. గ్యాసు యూనిట్ సుమారు 7 పెన్నీలట, కరెంటైతే 27. జనవరిలో ఇంకా పెరుగుతాయట. పైగా పాప పడుకునే గది 16 నుంచి 20 డిగ్రీల మధ్యే ఉండాలని హెల్త్ విజిటరు చెప్పి వెళ్ళింది. పసిపిల్లలకు వేడి ఎక్కువైతేనే ప్రమాదమట. మా రోజుల్లో బాలింత గదికి కిటికీలు బిగించి మంచం కింద కుంపటి పెట్టేవాళ్ళు. ఆవిడకు ఆ సంగతి చెప్పలేదు.

వేడి పెంచే దారి మూసుకుపోయింది కాబట్టి గాలి ఆపే దారే చూడాలి.

డిసెంబరు 5, మంగళవారం

ఈ ఇళ్ళను బ్యాక్ టు బ్యాక్ అంటారు. వీపుకు వీపు ఆనించి కట్టినవి. మూడు వైపులా పక్కవాళ్ళ గోడలే, ఒక్క ముందు గోడకే తలుపూ కిటికీలూ. ఇలాంటివి ఇక కొత్తగా కట్టొద్దని 1909లోనే చట్టం వచ్చింది. లీడ్స్ వాళ్ళు అంతకుముందే మంజూరైన ప్లాన్లు చూపించి 1937 దాకా కట్టుకుంటూనే పోయారు. మన మునిసిపాలిటీలను ఊరికే అనుకుంటాం.

మూడు గోడలకు ఇరుగుపొరుగు వెచ్చదనం ఉంది కనుక ఇల్లు నిజానికి వెచ్చగా ఉండాలి. చిక్కంతా ఆ నాలుగో వైపే. వసారా లేదు, నడవ లేదు. వీధిలోంచి అడుగు లోపల పెడితే హాలే. హాల్లోంచే కిందికి, ఒకప్పుడు బొగ్గు పోసుకున్న సెల్లారుకు మెట్లు. పైన పడకగదీ బాత్రూమూ, ఆ పైన అటక గది.

తలుపు కింద పెన్సిల్ పెట్టి చూశాను. బందుల వైపు దూరలేదు. గడియ వైపు హాయిగా దొర్లింది. అంటే తలుపు ఒక పక్కకు ఒరిగిందన్నమాట. స్కేలు పెడితే అక్కడ 6 మిల్లీమీటర్లు, ఇక్కడ 10. సగటున 8 వేసుకుని, తలుపు వెడల్పు 84 సెంటీమీటర్లతో గుణిస్తే 67 చదరపు సెంటీమీటర్లు. ఇక్కడి ఇటుకను నిలువు కొసన కొలిస్తే పదింబావుకు ఆరున్నర, అదీ దాదాపు 67. గోడలో కొస బయటికి ఉండేలా పేర్చిన ఇటుకను ఒకదాన్ని ఊడబెరికి, ఆ కన్నాన్ని అలాగే వదిలేస్తే ఎవరైనా ఊరుకుంటారా? తలుపు కింద సన్నగా పరుచుకుని ఉంది కాబట్టి ఊరుకున్నారు.

ఇంటి ఓనరుకు అమ్మాయి మెసేజ్ పెడితే, పాత ఇళ్ళు అలాగే ఉంటాయని జవాబొచ్చింది. అద్దె ఇళ్ళకు విద్యుత్తు, గ్యాసు వాడకం లెక్కలో కనీసం 'ఇ' రేటింగు ఉండాలని 2020 ఏప్రిల్ నుంచి ఇంగ్లండులో నియమం. దీనికి ఆ కాగితం ఉంది. ఆ కాగితం వచ్చి ఈ సోఫాలో కూర్చోదు కదా.

డిసెంబరు 7, గురువారం

పాపకు స్నానం కాగానే సాంబ్రాణి వేద్దామని తెనాలి నుంచి మోసుకొచ్చాను. పసిపిల్లల దగ్గర పొగ ఏదైనా వద్దన్నారు. సరే, పెట్టెలోనే ఉండిపోయింది. ఇవాళ అమ్మాయి పాపను బరువు తూయించడానికి తీసుకెళ్ళింది. ఆ సమయం చూసుకుని ఒక సాంబ్రాణి కప్పు వెలిగించి, వీధి తలుపుకు మూరెడు దూరంలో నేల మీద పెట్టాను. అల్లుడు తువ్వాలు పట్టుకుని స్మోక్ అలారం కింద నిలబడ్డాడు, అది కూయకుండా విసరడానికి.

పొగ లేవలేదు. కప్పులోంచి పైకి రాబోయి, వెంటనే వంగి, నేల మీద పడి, తివాచీ వెంబడి మేడ మెట్ల వైపు నడిచింది. మెట్ల మొదట్లో తలెత్తింది. తర్వాత మెట్టు మెట్టూ ఎక్కుతూ పోయింది. నేనూ దాని వెనకే ఎక్కాను. అటక గదిలో, చూరు కింద సామాన్లు దాచుకునే చిన్న తలుపు ఉంది. దాని అంచు దగ్గర పొగ ఒక్కసారి పలచబడి, గీతలా మారి, ఆ సందులోకి లాగినట్టు పోయింది. "అత్తయ్యా, ఇదేదో దయ్యం సినిమాలా ఉంది" అన్నాడు అల్లుడు.

దయ్యమేం కాదు, ఎనిమిదో తరగతి పాఠం. బీకరులో నీళ్ళు పోసి, అడుగున పొటాషియం పర్మాంగనేటు పలుకు వేసి, కింద దీపం పెడితే ఊదారంగు చార పైకి లేచేది. ఉష్ణసంవహనం అని బోర్డు మీద రాసేదాన్ని. 3 డిగ్రీల చలిలో ఘనమీటరు గాలి 1.28 కిలోలు తూగుతుంది, 19 డిగ్రీల దగ్గర 1.21. తేడా 70 గ్రాములే. కానీ సెల్లారు నుంచి అటక దాకా నాలుగు అంతస్తుల నిలువునా ఆ తేలిక గాలి నిలబడి ఉంది. అది పై సందుల్లోంచి జారుకుంటుంటే, ఆ ఖాళీ నింపడానికి కింది సందుల్లోంచి చలిగాలి రాక తప్పదు. ఇల్లే ఒక పొగగొట్టం.

కాబట్టి తలుపు కింద సందు ఒక్కటీ మూసి చేతులు దులుపుకుంటే సరిపోదు. పైన లాగేది లాగుతూనే ఉంటుంది, కింద ఇంకో కంత వెతుక్కుంటుంది. పనివాళ్ళు వచ్చి చూసేది కింద, గాలిని లాగేది పైన. ముందు ఆ చూరు తలుపు అంచుకు స్పాంజి పట్టీ అంటించమన్నాను. అల్లుడికి నమ్మకం కుదరలేదు గాని అంటించాడు.

డిసెంబరు 9, శనివారం

కర్క్‌గేట్ మార్కెట్‌కు వెళ్ళాం. మార్క్స్ అండ్ స్పెన్సర్ అనే పెద్ద కొట్ల వాళ్ళు 1884లో ఒక్క పెన్నీ దుకాణంగా మొదలుపెట్టింది ఈ మార్కెట్‌లోనేనట. మాకు కావలసింది ఇనప సామాన్ల అంగడి. తలుపు కింద బిగించే పట్టీలు రెండు రకాలున్నాయి, రబ్బరు అంచుది, బ్రష్షుది. గడప సమంగా ఉంటే రబ్బరు బాగా పట్టేస్తుంది. మనది ఒరిగిన తలుపు, అరిగిన గడప. ఎగుడుదిగుళ్ళకు బ్రష్షే సర్దుకుంటుంది. అదే తీసుకున్నాం.

బిగించడం చెప్పినంత కష్టం కాదు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది కనుక పట్టీ లోపలి వైపు రావాలి. తలుపు మూసి ఉంచే కొలవాలి. అల్యూమినియం పట్టీని హాక్సాతో తలుపు వెడల్పుకు కోసి, చివర్లు ఆకురాయితో రుద్దాం. పట్టీకి ఉన్న స్క్రూ కంతలు గుండ్రంగా కాక నిలువుగా, పొడుగ్గా ఉన్నాయి. ఎందుకా అనుకున్నాను, బిగించేటప్పుడు తెలిసింది. స్క్రూలు సగం బిగించి, పట్టీని పైకీ కిందికీ జరిపి, బ్రష్షు వెంట్రుకలు గడపను ముట్టీ ముట్టనట్టు తగిలే చోట ఆపి, అప్పుడు గట్టిగా తిప్పాలి. ఎక్కువ దించితే వెంట్రుకలు మడతపడి, నెల తిరక్కుండా ఒక వైపుకే వాలిపోతాయి. తలుపు ఒరిగింది కనుక మేం పట్టీని తలుపు అంచుకు సమంగా కాకుండా గడపకు సమంగా పెట్టాం. చూడ్డానికి వంకరే. పట్టించుకునేదెవరు?

తలుపు మధ్యలో ఉత్తరాలు వేసే కంత కూడా ఉంది. దానికీ లోపలి వైపు బ్రష్షు చట్రం పెట్టాం.

తెనాలి ఇంట్లో ఈ బెడదే లేదు. వీధి గుమ్మానికి నాలుగంగుళాల టేకు గడప. తలుపు వచ్చి దాని గాడిలో ఆనుకుంటుంది. వాన నీళ్ళు రావు, జెర్రి రాదు, గాలి రాదు. పసుపు రాసి బొట్లు పెట్టేది ఊరికే కాదేమో. హైదరాబాదు ఫ్లాట్లలో లోపలి తలుపులకు గడపలు తీసేశారు, ఇప్పుడు మా తోటికోడలు ఏసీ చల్లదనం పోకుండా, బొద్దింకలు రాకుండా స్పాంజి చుట్టలు కొని పెట్టుకుంటోంది. వేడి ఆపడానికి ఇక్కడ, చల్లదనం ఆపడానికి అక్కడ.

డిసెంబరు 17, ఆదివారం

పొత్తిళ్ళకని తెచ్చిన పాత నూలు చీరల్లో ఒకటి మిగిలింది, మంగళగిరిది. దాన్ని చించి మీటరు పొడుగు గొట్టంలా కుట్టాను. ఇక్కడివాళ్ళు ఇలాంటి వాటిని కుక్క ఆకారంలో కూడా కుడతారట, ముక్కూ చెవులూ పెట్టి. లోపల బియ్యం పోయమని అల్లుడి సహోద్యోగిని ఎవరో చెప్పిందట. అన్నం తినే బియ్యాన్ని గుమ్మంలో పడేసి కాళ్ళతో తన్నుతామా? పిల్లలాడుకునే ఇసుక సంచీ అమ్ముతారు, అది తెప్పించి, లోపలి సంచీలో పోసి, పైన పాత బట్టల ముక్కలు కూరాను. బరువు లేకపోతే గాలికి అదే జరిగిపోతుంది.

వీధి తలుపుకు ఇది పనికిరాదు. చివర బయటికెళ్ళేవాళ్ళు తలుపు లాక్కుని వెళ్ళాక, లోపల చుట్టను మళ్ళీ తలుపుకు ఆనించేదెవరు? సెల్లారు తలుపుకైతే సరిగ్గా సరిపోయింది. అక్కడికి రోజూ ఎవరూ దిగరు. అల్లుడు సెల్లారు గోడలో ఉన్న గాలి ఇటుక కంతలు కూడా గుడ్డలతో మూసేద్దామన్నాడు. వద్దన్నాను. ఆ చెమ్మ బయటికి పోవాలి, గ్యాసు మీటరు ఉన్నదీ అక్కడే. మూయాల్సింది సెల్లారుకూ హాలుకూ మధ్య సందునే.

జనవరి 17, 2024, బుధవారం

మళ్ళీ గట్టి చలి. పొద్దున కిటికీ అద్దం బయట మంచు పువ్వులు. కానీ హాల్లో కాళ్ళ దగ్గర ఆ పారుడు లేదు.

రెండు వీధుల అవతల మన కుర్రాళ్ళు, చదువుకునేవాళ్ళు, ఒక ఇల్లు పంచుకుని ఉంటున్నారు. పండక్కి చేసిన అరిసెలు ఇద్దామని వెళ్ళాను. గుమ్మంలోనే ముక్కవాసన. చలికి భయపడి కిటికీ చట్రాల పైన ఉండే సన్న గాలి కంతలకు టేపులు వేశారు. బాత్రూం తలుపు కింద తువ్వాలు కుక్కారు. అన్నం, చారు, పప్పు అన్నీ మూత తీసి ఉడికించడం, తడి బట్టలు గదిలోనే ఆరేయడం. బీరువా వెనక గోడంతా నల్లటి బూజు, వేలితో తాకితే అంటుకుంటోంది. ఒక అబ్బాయి దగ్గుతున్నాడు.

టేపులు నా చేత్తోనే పీకి వచ్చాను. లోపలి తలుపుల కింద సందు ఇక్కడి నిర్మాణ నిబంధనల్లో రాసి మరీ వదిలించేది. 76 సెంటీమీటర్ల తలుపు కింద 10 మిల్లీమీటర్లు ఉండాలంటారు. బాత్రూంలో ఫ్యాను తిరిగి ఆవిరిని బయటికి నెట్టాలంటే దానికి గాలి ఎక్కణ్ణుంచో అందాలి, అది ఆ తలుపు కింది నుంచే. సందు మూస్తే ఫ్యాను మోత తప్ప పని ఉండదు. "అలాగే ఆంటీ" అన్నారు. మళ్ళీ టేపు వేయరని నమ్మకం లేదు, ఇరవై రెండేళ్ళ పిల్లలు.

జనవరి 21, ఆదివారం

ఇవాళ్టి గాలివానకు ఇషా అని పేరు పెట్టారు. మన పిల్లలకు పెట్టుకునే పేరు! రాత్రికి వీధిలో చెత్తడబ్బాలు దొర్లుతున్నాయి. నార్తంబర్లాండులో ఒకచోట గంటకు 99 మైళ్ళ గాలి కొట్టిందంటున్నారు. బ్రష్షు పట్టీ పూర్తిగా ఆపలేదు, ఆపుతుందనీ అనుకోలేదు. వెంట్రుకల మధ్య నుంచి సన్నగా వస్తూనే ఉంది. అందరం లోపలే ఉన్నాం కాబట్టి సెల్లారు తలుపు దగ్గరి చుట్టను తెచ్చి వీధి తలుపుకు ఆనించాను. ఉత్తరాల కంత మాత్రం రాత్రంతా టపటపలాడింది. పాప లేవలేదు.

ఫిబ్రవరి 4, ఆదివారం

మార్చిలో మా వదిన బర్మింగ్‌హాం వెళ్తోంది, కూతురి పురుడుకు. అక్కడిదీ పాత ఇల్లేనట, హాల్లో గోడలో పాత గ్యాసు కుంపటి ఉందట. ఫోనులో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది, రాసి పంపాలి.

వదినా, ముందు నేల మీద కూర్చుని గాలి ఎటు నుంచి వస్తోందో చూడు, తర్వాతే డబ్బు ఖర్చు పెట్టించు. బయటి తలుపు కిందిది మూయించు, అటక మూత అంచుకూ పట్టీ వేయించు. బాత్రూం తలుపు కిందిదీ కిటికీల పై కంతలూ ముట్టుకోవద్దు. ఇప్పటి బాయిలర్లు బయటి గాలినే తీసుకుని బయటికే వదిలే రకం, వాటితో పేచీ లేదు. ఆ గోడ కుంపటి అలా కాదు, గది గాలినే పీలుస్తుంది. ఆ గదికి ఉన్న గాలి రంధ్రం మూస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు. అలాంటివి ఉన్న గదిలో దాన్ని పసిగట్టే అలారం పెట్టడం 2022 అక్టోబరు నుంచి ఇంగ్లండులో అద్దెకిచ్చే ఇంటి ఓనరు బాధ్యత. వెళ్ళిన రోజే, సామాన్లు విప్పకముందే, అది గోడకు ఉందో లేదో చూసి, బొత్తాం నొక్కి మోగించి చూడు.

దూది ఇక్కడ దొరుకుతుంది, మోసుకెళ్ళనక్కర్లేదు.