చందమామను పిలిచిన ఊరు

పొయ్యి మీద పాలు పెట్టి నిలబడి ఉంటారు. ఎక్కడినుంచో చిన్ననాటి పాట ఒకటి వచ్చి నోట్లో చేరుతుంది. పాలు పొంగుతాయి, స్టవ్ తుడుస్తారు, కూర తరుగుతారు, బట్టలు నానబెడతారు. పాట మాత్రం వదలదు. మీకూ ఇలా అవుతూనే ఉంటుంది కదూ! ఇంగ్లీషువాళ్ళు దీన్ని చెవిలో పురుగు అంటారట. మన జోరీగే నయం.

నన్ను పట్టుకున్న జోరీగ చందమామ పాట. పట్టించింది మా అత్తమ్మ. ఆవిడకు 82 ఏళ్ళు. నాలుగేళ్ళుగా మతిమరుపు. కొడుకు పేరు ఒకరోజు గుర్తుంటుంది, ఒకరోజు ఉండదు. నన్ను చూసి తన చెల్లెలనుకుంటుంది. కానీ ఆ పాట పొద్దున మొదలుపెడితే రాత్రిదాకా పాడుతుంది, ఒక్క ముక్క తప్పిపోదు. ఈ జబ్బులో మిగతావన్నీ పోయినా పాటలు చాలాకాలం నిలుస్తాయని డాక్టరుగారు చెప్పారు.

పోయిన మాఘంలో మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి బయల్దేరాం. మాది ప్రొద్దుటూరు. బాడుగ కారు మాట్లాడుకుని కడప మీదుగా పోయాం. ఒంటిమిట్టలో కోదండరాముణ్ణి చూసుకుని, రాజంపేట దగ్గర తాళ్ళపాకలో ఆగుదామన్నాను. "అక్కడేముంది?" అన్నారు మావారు. "మీ అమ్మగారు పాడే పాట ఉంది" అన్నాను.

నిజమే కదండీ! తాళ్ళపాక అన్నమయ్య పుట్టిన ఊరు. 1408లో పుట్టి 1503దాకా బతికాడు. చందమామను రమ్మని పిలిచే పాట ఒకటి ఆయన రాసినవాటిలో ఉంది. మనిళ్ళలో పాడేదాంట్లో పూలూ పళ్ళూ తెమ్మంటాం. ఆయనేమో బంగారు గిన్నెలో వెన్న, పాలు తెమ్మన్నాడు. నన్నడిగితే తల్లుల నోటినుంచే ఆయన అందుకుని ఉంటాడంటాను. బిడ్డకు నాలుగు ముద్దలు తినిపించడానికి పడే పాట్లు తెలిసినవాళ్ళ మాట అది! అన్నట్టు ఆయన భార్య తిమ్మక్క కూడా కవయిత్రే, సుభద్రా కల్యాణం రాసింది. తెలుగులో మొదటి కవయిత్రి ఆవిడేనంటారు. ఇల్లు చూసుకుంటూ ఎప్పుడు రాసిందో తల్లి!

రోడ్డు పక్కన 108 అడుగుల అన్నమయ్య విగ్రహం దూరంనుంచే కనిపిస్తుంది. అందరూ అక్కడ ఫోటోలు దిగి వెళ్ళిపోతారు. మీరు మాత్రం అలా చెయ్యకండి. ఊరు లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, సిద్ధేశ్వరుడి గుడి ఉంది. హడావిడి లేదు, తోపులాట లేదు. తిరుమలలో తోసుకుని చూసేదానికంటే ఇక్కడ కళ్ళారా చూసుకోవచ్చు. ఈ మాటకు స్వామి ఏమీ అనుకోడులెండి.

అన్నమయ్య 32 వేల పాటలు కట్టాడంటారు. వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక అరలో పెట్టారు. తర్వాత వాటి ఊసే ఎవరికీ పట్టలేదు. 1920లలో మళ్ళీ వెలుగులోకి వచ్చాయి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు వంటి పెద్దలు వాటిని చదివి అచ్చువేయించారు. దొరికినవి 12 వేలకు పైగా. రేకులు చీకట్లో పడున్న ఆ వందల ఏళ్ళూ చందమామను పిలవడం మాత్రం ఏ ఇంట్లోనూ ఆగలేదు!

ఆ పాట అంతగా ఎందుకు పట్టుకుంటుందా అని కార్లో ఆలోచించాను. పొట్టి పొట్టి పాదాలు, అన్నింటికీ ఒకటే తోక. పైగా పిలవడమే తప్ప చందమామ వచ్చినట్టు ఎక్కడా లేదు. ఇక పాట ఎక్కడ ఆపాలి చెప్పండి?

గుడి బయట చెట్టు నీడన దుప్పటి పరిచాం. పొద్దుటినుంచి అత్తమ్మ మెతుకు ముట్టలేదు. క్యారియర్ తెరిస్తే నోరు బిగించేసింది. ఇంట్లోనూ అంతే, ఒక్కోపూట గంటసేపు బతిమాలాలి. నేను పెరుగన్నం ముద్ద చేత్తో పట్టుకుని ఆ పాటే ఎత్తుకున్నాను. ఆవిడ అందుకుంది. నాకు తెలియని చరణాలు కూడా పాడింది. పాదానికో ముద్ద చొప్పున గిన్నె ఖాళీ అయింది. మావారు అటు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

నీళ్ళు తాగి నా మొహంలోకి చూసింది.

"నువ్వెవరి పిల్లవమ్మీ?"

"నీ పిల్లనే అత్తమ్మా."

"అట్లనా! తిన్నావా మరి?" అంది.

తాళ్ళపాక వెళ్ళేవాళ్ళు పొద్దున్నే చేరుకోండి, మధ్యాహ్నం గుడి తలుపులు వేసేస్తారు. తాగునీళ్ళు, గొడుగు మరిచిపోకండి. ముసలివాళ్ళుంటే పెరుగన్నంలో పాలు కాస్త ఎక్కువ పోసి కలపండి, పులవకుండా ఉంటుంది.