మునిగి లేచిన తరువాత

మా మన్యంలో బాప్తిస్మం గెడ్డలోనే జరుగుతుంది. పాస్టరుగారు ముందుగా దిగి అడుగు చూసుకుంటారు. రాళ్ల మీద పాకుడు ఉంటుంది మరి. ఆ తరువాత తీసుకునేవాళ్లు ఒక్కొక్కరుగా దిగుతారు. ఆయన వీపు వెనుక చేయి పెట్టి, వెనక్కి వంచి, నీటిలో ముంచి లేపుతారు. మూడు నాలుగు క్షణాల పని. ఒడ్డున ఉన్నవాళ్లు పాట పాడతారు. కొంచెం దూరంలో ఇంకొందరు నిలబడి చూస్తుంటారు. వాళ్లూ మావాళ్లే. 'వీడు ఇక మనవాడేనా?' అన్న ప్రశ్న వాళ్ల ముఖాల్లో కనిపిస్తుంది.

ఆ ప్రశ్న బడిలోకి కూడా వస్తుంది. "మాస్టారూ, బాప్తిస్మం తీసుకుంటే ఎస్టీ సర్టిఫికెట్ పోతుందా?" "పేరు మార్చుకోవాలా?" "థింసా ఆడకూడదట కదా?" అని పదో తరగతి పిల్లలు అడుగుతుంటారు. ఏజెన్సీ బడుల్లో చాలా ఏళ్లుగా పని చేస్తున్న మాకు ఈ ప్రశ్నలు కొత్త కాదు. మా ఇంట్లోనే అమ్మ బాప్తిస్మం తీసుకుంది, నాన్న తీసుకోలేదు. ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండిన అంబలి తాగి మమ్మల్ని పెంచారు. అందుకని ఈ నాలుగు మాటలు ఎవరినీ చేర్చడానికి కాదు, ఎవరినీ ఆపడానికీ కాదు. ఆ నీటికి అర్థం ఏమిటో తెలుసుకుని మాట్లాడుకుంటే మన ఊళ్లలో సగం గొడవలు తగ్గుతాయని మా ఆశ.

బాప్తిస్మం అనేది గ్రీకు భాష నుంచి వచ్చిన మాట. ముంచడం అని దాని అర్థం. కాథలిక్కులు దీన్నే జ్ఞానస్నానం అంటారు. వాళ్లు, లూథరన్లు, సీఎస్ఐ వాళ్లు పసిపిల్లలకు కూడా నీరు పోసి ఇస్తారు. బాప్టిస్టులు, పెంతెకొస్తువాళ్లు ఊహ తెలిసి, నమ్మి, తానుగా అడిగినవారికే ముంచి ఇస్తారు. తొలినాటి క్రైస్తవుల చిన్న పుస్తకం ఒకటుంది, దాని పేరు డిడకే. పారే నీరు మంచిదని, అది దొరక్కపోతే వేరే నీరైనా సరేనని, అదీ చాలినంత లేకపోతే తల మీద మూడుసార్లు పోస్తే చాలునని అందులో ఉంది. అంటే ఎంత నీరు అన్నదాని మీద వాళ్లు పట్టుబట్టలేదు.

అసలు అర్థం పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో ఉంది. నీటిలోకి వెళ్లడం క్రీస్తుతో పాటు చనిపోయి పాతిపెట్టబడడం, నీటిలోంచి లేవడం ఆయనతో పాటు లేచి కొత్తగా బతకడం అని ఆయన చెప్పాడు. ఒంటి మురికి కడుక్కోవడం కాదని పేతురు కూడా తన మొదటి పత్రికలో రాశాడు. సరే, ఒకరు చనిపోయారు, ఒకరు లేచారు. మరి చనిపోయినదేమిటి? మన ఊళ్లలో వచ్చే గొడవంతా ఇక్కడే. కొందరు బోధకులు 'పాతదంతా వదిలేయాలి' అంటారు. పాతదంటే ఏది? అబద్ధమా, అమ్మ నేర్పిన భాషా? దొంగతనమా, తాత నేర్పిన పాటా?

బైబిలు ఏమంటోందో చూడండి. యొర్దాను నదిలో యోహాను బాప్తిస్మం ఇస్తుంటే జనం వచ్చి 'మేమేం చేయాలి?' అని అడిగారు. ఆయన జవాబులు లూకా సువార్త మూడో అధ్యాయంలో ఉన్నాయి. రెండు అంగీలు ఉన్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలి. పన్ను వసూలు చేసేవాడు నిర్ణయించిన దానికంటే ఎక్కువ తీసుకోకూడదు. సైనికుడు ఎవరినీ బెదిరించి గుంజకూడదు, తన జీతంతో తృప్తి పడాలి. ఇంతే. వేషం గురించి గానీ, భాష గురించి గానీ ఒక్క మాట లేదు. సంతలో తూకంలో మోసపోయిన మనవాళ్లకు, వడ్డీకి అప్పు తెచ్చి పసుపు పంట పోగొట్టుకున్న మనవాళ్లకు ఈ జవాబు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. చనిపోవలసింది ఆ గుంజుకునే బుద్ధి.

ఇంకో సంగతి. యూదులు కానివాళ్లు క్రీస్తును నమ్మడం మొదలుపెట్టినప్పుడు, వాళ్లు కూడా సున్నతి చేయించుకుని యూదుల ఆచారంలోకి రావాలని కొందరు పట్టుబట్టారు. యెరూషలేములో పెద్దలు కూర్చుని తర్కించారు. అక్కర్లేదని తేల్చారు. విగ్రహాలకు అర్పించినవి తినకూడదు, వ్యభిచారం కూడదు లాంటి కొన్ని మాటలు మాత్రం చెప్పి పంపారు. ఇది అపొస్తలుల కార్యములు పదిహేనో అధ్యాయం. యూదుడు కానివాడు యూదుడిగా మారనక్కర్లేదని తొలి సంఘమే తేల్చాక, ఆదివాసి ఇంకొకరిలా మారాలనడం ఎక్కడి న్యాయం?

పేర్ల సంగతీ అంతే. సౌలు బాప్తిస్మం తీసుకోగానే పౌలు అయ్యాడని చాలామంది అనుకుంటారు. బాప్తిస్మం తొమ్మిదో అధ్యాయంలో ఉంటే, పదమూడో అధ్యాయం దాకా ఆయన్ని సౌలు అనే పిలిచారు. ఆయనకు రెండు పేర్లూ ఉన్నాయి. రోమా పత్రిక చివర పౌలు వందనాలు చెప్పినవారిలో హెర్మే ఉన్నాడు. అది గ్రీకు దేవుడి పేరు. ఆ పేరు మార్చుకోమని పౌలు చెప్పలేదు. మాలో కిల్లో అంటే పులి, కొర్రా అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద, వంతల అంటే పాము. బాప్తిస్మం తీసుకున్న కిల్లో పిల్ల ఇప్పటికీ కిల్లో ఇంటికి కోడలిగా వెళ్లదు. ముందు ఏ పేరు పెట్టుకున్నా గోత్రం గోత్రమే.

తిండి కోసం, డబ్బు కోసం బాప్తిస్మం తీసుకుంటారనే మాట కూడా మనం వింటుంటాం. దీనికి తెలుగునాట జరిగిన ఒక సంగతి చెప్పాలి. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఆకలితో ఉన్నవాళ్లకు పని దొరకాలని బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆ సాయం నడిచినంతకాలం, బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆగాడు. సాయం అయిపోయాక 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. మన దగ్గరకు వచ్చే బోధకులు ఆ ఏడాది ఆగడాన్ని గుర్తుంచుకుంటే బాగుంటుంది.

ఇక సర్టిఫికెట్టు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే అది వర్తిస్తుంది. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో అలాంటి షరతు లేదు. మతం మారినంత మాత్రాన తెగ పోదని, అయితే ఆ మనిషి తెగ ఆచారాల్లో, సంబంధాల్లో ఉన్నాడా లేదా అన్నది చూడాలని 2004లో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి తెగతో తెంచుకోమని చెప్పే బోధకుడు విశ్వాసానికీ మేలు చేయడం లేదు, పిల్లల హక్కుకూ మేలు చేయడం లేదు.

మా అమ్మ కొర్రకొత్త నాడు పూజ దగ్గరకు వెళ్లదు. బలి మాంసం తినదు. అది ఆమె నమ్మకం, నాన్న ఏనాడూ బలవంతం చేయలేదు. కానీ కొత్త కొర్రలు గుప్పెడు చర్చికి తీసుకెళ్లి ప్రార్థన చేయించాకే ఇంట్లో వండుతుంది. అంతదాకా మాకెవరికీ పెట్టదు. ఇశ్రాయేలీయులు కూడా మొదటి పనను దేవుని దగ్గరకు తెచ్చాకే కొత్త పంట తినేవారు. చనిపోయి లేచిన క్రీస్తును పౌలు ప్రథమఫలం అన్నాడు. కొత్త జీవితం అంటే ఏమిటో కొత్త తినే మనవాళ్లకు అర్థం కావడం కష్టమేమీ కాదు.

అన్నీ ఇంత సాఫీగా సాగవు. కొన్నేళ్ల క్రితం మాకు తెలిసిన ఊళ్లో బాప్తిస్మం తీసుకున్న ముసలాయన చనిపోతే, ఊరి శ్మశానంలో పాతడానికి వీల్లేదన్నారు. 'మా పండక్కి చందా ఇవ్వలేదు, మా శవం మోయలేదు, ఇప్పుడు మా నేల కావాలా?' అని అడిగారు. ఆ మాటలో కోపం ఉంది, నిజమూ ఉంది. సంఘంవాళ్లు అంతకుముందు రెండు చావులకు వెళ్లలేదు. మధ్యాహ్నం దాకా శవం వాకిట్లోనే ఉంది. చివరికి పెద్దలు, పాస్టరుగారు కూర్చుని మాట్లాడుకున్నాక పాతనిచ్చారు. ఆ ఏడాది వానల్లో ఇంకో ఇంట్లో చావు వచ్చింది. ఆ ఇంటివాళ్లు చర్చి మొహం చూసినవాళ్లు కారు. సంఘం కుర్రాళ్లు నలుగురు పలుగులు పట్టుకుని వెళ్లి, బురదలో గొయ్యి తవ్వారు. పూజ జరిగేటప్పుడు పక్కకు తప్పుకుని నిలబడ్డారు. ఆ తరువాత ఆ ఊళ్లో నేల గురించి మాట రాలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో ఎవరైనా గెడ్డలో దిగాలనుకుంటే తెలిసి దిగండి, మీ అంతట మీరు దిగండి. దిగకూడదనుకుంటే దిగినవాణ్ణి వెలివేయకండి. తోటి ఉపాధ్యాయులారా, సర్టిఫికెట్టు గురించి, పేరు గురించి పిల్లలు అడిగితే విన్నమాట చెప్పి పంపకండి, ఉన్నమాట చెప్పండి. మునిగి లేచినవాడు నిజంగా కొత్త మనిషి అయితే ముందుగా తెలిసేది పక్కింటివాళ్లకే. తూకం సరిగ్గా వేస్తాడు, సారా మానేస్తాడు, భార్య మీద చెయ్యి ఎత్తడు, ఎవరింట చావు వచ్చినా పలుగు పట్టుకుని ముందు నడుస్తాడు.