పైపులో గాలి

జీడిమెట్లలో లోడు ఎత్తుకుని మేడ్చల్ దాటేసరికి మా బండికి ఊపిరి ఆడనట్టయ్యేది. పాత టాటా 1613. ఖాళీగా పోతే ఏ తేడా ఉండదు. లోడు పడి, ఎత్తు రోడ్డు వస్తే ఎంత తొక్కినా లాగదు. అప్పు చేసి మా భియా కొన్న బండి అది, నేను క్లీనర్‌ని. ఒక మేస్త్రీ చూసి ఇంజన్ బోరు పోయింది, విప్పాల్సిందే అన్నాడు. ఆ రాత్రి భియా అన్నం తినలేదు. తండాలో బా అమ్మడానికి ఇంకేం మిగల్లేదు.

ఇంకో షెడ్డులో ఒక ముసలి ఉస్తాద్ ఉండేవాడు. ఆయన ఇంజన్ జోలికే పోలేదు. "ట్యాంకు మూత తియ్యి బేటా" అన్నాడు. మూతకుండే గాలి రంధ్రం పూడుకుపోతే డీజిల్ రాదట. అప్పుడు మూత తీయగానే బుస్సుమంటుంది. మాది అనలేదు. తర్వాత ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకొచ్చే పైపు ఊడదీసి, పైన కట్టిన డీజిల్ డబ్బా నుంచి వేరే పైపు తగిలించాడు. లోడుతోనే బండి ఎత్తెక్కింది.

"ఇంజన్ మంచిగుంది. మీ బండి గాలి తాగుతున్నది."

క్లిప్పు కింద రబ్బరు పైపు చీలి ఉంది. "మరి డీజిల్ కారలేదేంది ఉస్తాద్?"

"అక్కడ పంపు పీలుస్తది. డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతది."

పదో తరగతి దాకా చదివాను, పీడనం అంటే పరీక్షలో రాసే మాట అనుకున్నాను. ఈ రకం బండిలో ఫీడ్ పంపు డీజిల్‌ను ఫిల్టర్ల గుండా తోసేది సుమారు 1 నుంచి 1.5 బార్‌తో. లారీ టైరులోనే అంతకు ఎన్నో రెట్లుంటుంది. కానీ ఆ కాస్త తగ్గితే పెద్ద పంపు కడుపు నిండదు. పెద్ద పంపు దాన్ని 200 బార్ దగ్గరికి నొక్కితేనే నాజిల్ తెరుచుకుంటుంది. డీజిల్ దాదాపు నలగదు, గాలి నలుగుతుంది. బుడగ దూరితే ప్లంజర్ బలమంతా దాన్ని నొక్కడానికే పోతుంది.

నాజిల్ పైపు దగ్గర తడి కనబడి వేలు పెట్టబోతే ఉస్తాద్ నా చెయ్యి మీద ఒక్కటేశాడు. ఇంజన్ నడుస్తుండగా అక్కడ సన్నగా చిమ్మే డీజిల్ చర్మంలోకి దిగుతుంది. సూది గుచ్చినంతే కనిపిస్తుంది, వేలే తీసేయాల్సి రావచ్చు. అట్ట ముక్క అడ్డం పెట్టి చూడాలి. ఐటీఐకి పోయే పిల్లలకు సార్లు ఇది ముందు చెప్పాలి.

పైపు, రెండు క్లిప్పులు, కొత్త ఫిల్టర్లు, బంజో బోల్టుకు రాగి వాషర్లు. అంతే ఖర్చు. (బంజో ఒక తీగల వాద్యం, దాని ఆకారం వల్ల ఆ పేరు. షెడ్డులో మాత్రం అది మా బంజారాల బోల్టే అని నన్ను ఆటపట్టించేవాళ్లు.)

ఎయిర్ తీసే పని నాకే ఇచ్చాడు. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొట్టాలి. నురగ పోయి డీజిల్ ధార వచ్చేదాకా కొట్టి, ధార ఉండగానే బిగించాలి. పెద్ద పంపు దగ్గరా అంతే. చివర్లో చేతి పంపు పిడి కిందికి తిప్పి బిగించాలి.

నేను ఆ పిడి మరిచాను. కొంపల్లి దాటకముందే బండి ఆగింది. భియా తిట్టలేదు, దిగి స్పానర్ అందించాడు.