పత్తర్‌గట్టీలో పది పైసలు

దుబాయి నుంచి దిగగానే లాల్‌దర్వాజాలో మావాళ్లు అడిగే మొదటి మాట "ఎప్పుడొచ్చినవ్?" రెండోది "రేటెంత నడుస్తుంది?" దిర్హాము నోటు ముఖమైనా సరిగ్గా చూడని మా చిన్నమ్మకి కూడా ఆ రోజు రేటు నోటికొస్తుంది. గల్లీకి ఇద్దరు ముగ్గురు గల్ఫులో ఉన్నచోట అది టమాట ధరలాగా అందరికీ కావలసిన కబురు.

అయితే చిన్నమ్మ చెప్పేది ఫోన్‌లో కనిపించే రేటు. ఆ రేటుకి ఏ దుకాణమూ నోటు కొనదు. అది బ్యాంకులు తమలో తాము కోట్లలో కొనే ధరకీ అమ్మే ధరకీ నడిమి అంకె. కాగితం నోటుకి మోత ఖర్చుంది, దాచే ఖర్చుంది, దొంగనోటు భయముంది, పొద్దున కొన్నది సాయంత్రానికి పడిపోతే నష్టముంది. అవన్నీ చూసుకునే దుకాణదారు ఒక రేటుకి కొని ఇంకో రేటుకి అమ్ముతాడు. ఆ రెంటి నడుమ ఉన్న తేడాలోనే అతని బతుకుదెరువు. అందుకే నేను లోపలికి పోయి జేబులో చెయ్యి పెట్టకముందే రెండు రేట్లూ అడుగుతాను. నేను అమ్మేవాణ్నో కొనేవాణ్నో తెలియనంతసేపు ఆ మనిషి చెప్పే రెండంకెల మధ్య దూరం కాస్త తగ్గుతుంది.

చార్మినార్ దాటి, పత్తర్‌గట్టీ రాతి కమానుల పక్కన మదీనా చౌరస్తా వైపు నడిస్తే ఆ చుట్టుపట్ల బట్టల కొట్లు, అత్తరు కొట్ల నడుమ ఇరుకైన మనీ ఎక్స్‌ఛేంజి దుకాణాలు తగులుతాయి. రియాలు, దిర్హాము మార్చాలంటే నేను ఇక్కడికే వస్తాను. మా బావ మాత్రం "ఏసీ ఆఫీసుంటది, పద్ధతిగుంటది" అని బంజారాహిల్స్ పోతాడు. పద్ధతి ఉంటుంది, కాదనను. కానీ గల్ఫు నోట్లకి పాతబస్తీలో రేటు బాగా పలకడానికి బేరమొక్కటే కారణం కాదు. రియాద్‌లోనో జెడ్డాలోనో పనిచేసి వచ్చినవాడు పొద్దున అమ్మిన రియాళ్లను, ఉమ్రాకి పోయే కుటుంబం సాయంత్రం కొనుక్కుపోతుంది. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఒకే గుమ్మం ఎక్కుతారు. సరుకు నిలవ ఉండదు కాబట్టి దుకాణదారు తక్కువ తేడాకి ఒప్పుకుంటాడు. అదే దుకాణంలో కొరియా వాన్ ఇచ్చి చూడండి, ముఖం అటు తిప్పుకుంటాడు. తీసుకున్నా, ఎప్పుడు ఎవరు కొంటారో తెలియని నోటుకి పెట్టవలసిన తరుగు పెట్టే తీసుకుంటాడు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు కౌంటరు సంగతి మీకు తెలిసిందే. అక్కడ మనకి పక్క దుకాణం ఉండదు, వాళ్లకి అద్దె మాత్రం ఉంటుంది. టాక్సీకి సరిపడా మార్చుకుని బయటపడడమే మంచిది.

గల్ఫులో ఉన్నవాళ్లకి ఒక సులువైన లెక్క ఉంది. సౌదీ రియాలు 1986 నుంచి డాలరుకి 3.75 దగ్గర, ఎమిరేట్స్ దిర్హాము 1997 నుంచి 3.6725 దగ్గర కట్టేసి ఉన్నాయి. డాలరు కదిలితేనే ఇవి కదులుతాయి. కాబట్టి రియాలు రేటెప్పుడూ దిర్హాము కన్నా వందకి రెండు తక్కువగా ఉండాలి. దిర్హాము 23 రూపాయలనుకుంటే రియాలు సుమారు 22 రూపాయల 52 పైసలు. బోర్డు మీద ఈ పొంతన తప్పిందంటే రెంటిలో ఒకదాని మీద తరుగు ఎక్కువ వేశాడన్నమాట. "రియాలుకి పెట్టిన రేటు దిర్హాముకి ఎందుకు లేదు భాయ్?" అని అడిగితే దుకాణంలో పెద్దాయన కళ్లజోడు పైనుంచి ఓసారి చూసి, కాల్‌క్యులేటర్ దగ్గరికి లాక్కుంటాడు. మూడు వేల దిర్హాములకి పది పైసలు పెరిగితే మూడు వందలు. ఇంటిల్లిపాదికీ షాదాబ్‌లో బిర్యానీ రాదు గానీ ఇద్దరికి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు పోను ఇంకా మిగులుతుంది.

ఆ పెద్దాయన నోట్లు లెక్కపెట్టడం చూడాలి. ముందు రియాళ్లను రాజుల వారీగా వేరు చేస్తాడు. ఫహద్ ఒకవైపు, అబ్దుల్లా ఒకవైపు, సల్మాన్ ఒకవైపు. తర్వాత అందరి తలలూ ఒకే దిక్కుకి తిప్పి, అంచులు బల్ల మీద తట్టి, అప్పుడు మిషన్‌లో పెడతాడు. మిషన్ చెప్పింది నమ్మక మళ్లీ వేలితో లెక్కపెడతాడు. 2021 చివర్లో మా దగ్గర ప్లాస్టిక్ యాభై దిర్హాముల నోటు వచ్చింది. దాన్ని మొదటిసారి చూపించినప్పుడు బొటనవేలితో రుద్ది, వెలుతురుకి పట్టి, పక్క దుకాణం అబ్బాయిని పిలిచి చూపించి గానీ గల్లాలో వేయలేదు. చిరిగినవి, గీతలున్నవి, మడతల్లో అరిగినవి విడిగా పెట్టి "యే నక్కో" అంటాడు. డాలర్లలోనూ వంద నోటుకున్న మర్యాద ఐదుకీ పదికీ ఉండదు. రేటు అడిగేటప్పుడు ఏ నోట్లో చెప్పకపోతే, చివర్లో ఆ మర్యాద తగ్గడం మన లెక్కలో కనబడుతుంది.

ఈ బేరం ఊరికి కొత్తది కాదు. నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేది, 1918 నుంచి సొంత కాగితం నోట్లూ వచ్చాయి. మనది హాలీ, బ్రిటిష్ ఇండియాది కల్దార్. ఏడు హాలీలకి ఆరు కల్దార్లు. మా నాయనమ్మ పెళ్లయిన కొత్తలో తిరుపతి మొక్కు తీర్చుకోవడానికి పోతూ మూటలో హాలీలిచ్చి కల్దార్లు తెచ్చుకున్న సంగతి చెప్పేది. నూరు కల్దార్లు కావాలంటే 116 రూపాయల పది అణాలు దాటి హాలీ ఇచ్చుకోవాలి. ఆపైన షరాబు తరుగు వేరే. దేవుడి దగ్గరికి పోతున్నా వదిలేవాడు కాదట. 1950లో భారత రూపాయి వచ్చి పక్కన నిలబడింది, 1959లో హాలీ పూర్తిగా రద్దయింది.

సరిగ్గా ఆ 1959లోనే రిజర్వు బ్యాంకు గల్ఫు దేశాల్లో వాడకానికి ప్రత్యేకంగా రూపాయి నోట్లు అచ్చువేసింది. నేనుంటున్న దుబాయిలో అంతకుముందు నుంచీ చెలామణి మన రూపాయిదే. బంగారం దొంగరవాణాకి రూపాయలు అటు పోతున్నాయని రంగు మార్చి వేరే నోట్లు చేశారు. 1966 జూన్ 6న డాలరు 4 రూపాయల 76 పైసల నుంచి ఏకంగా ఏడున్నరకి పెరిగేసరికి దుబాయి రూపాయికి సెలవు చెప్పింది. దిర్హాము పుట్టింది 1973లో. దిర్హాముకి ఎన్ని రూపాయలొస్తాయో చూసుకునే మాకు ఈ సంగతి వింటే కాస్త నవ్వు, కాస్త ఉక్రోషం.

ఇక పత్తర్‌గట్టీలో చెవిలో పడే ఇంకో మాట, "బిల్లు లేకుండా అయితే ఇంకో ఇరవై పైసలు." ఆ ఇరవై పైసల మీద నాకు ఆశ లేదు. ఫెమా చట్టం ప్రకారం రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్నవాళ్లే విదేశీ నోట్లు కొనాలి, అమ్మాలి. బిల్లు లేకపోతే దొంగనోటు వచ్చినా అడిగే దిక్కుండదు, మిగిలిన రూపాయలు తిరిగి మార్చుకుందామంటే చూపడానికి కాగితముండదు. బిల్లు తప్పించుకుని మనం మిగిల్చేదీ పెద్దగా లేదు. మామూలుగా వేసే లెక్కలో లక్ష రూపాయల లోపు మారకానికి నూటికి ఒక రూపాయి విలువ కట్టి, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తారు. 69,000 రూపాయలకి 124 రూపాయల చిల్లర. అందుకే నేను చివర అడిగేది రేటు కాదు, "సబ్ కాట్‌కే హాథ్ మే కిత్తా ఆతా?" అని.

శని, ఆదివారాలు పోకండి. బ్యాంకుల బజారు మూసి ఉంటుంది, సోమవారం ఏమవుతుందోనన్న భయాన్ని దుకాణదారు మన రేటులో కలుపుతాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళా కాదు.

నిజం చెప్పాలంటే పెద్ద మొత్తానికి నోట్లు మోసుకురావడమే దండగ. దుబాయిలో ఎక్స్‌ఛేంజి నుంచి ఖాతాకి పంపితే రేటు దీనికన్నా మెరుగు. 2023 నుంచి యూఏఈ నంబరు మీదే ఎన్నారై ఖాతాకి యూపీఐ పెట్టుకునే వీలొచ్చింది, లాడ్‌బజార్‌లో గాజులవాడికీ స్కాన్ చేసి ఇవ్వొచ్చు. దుబాయి కార్డు గీకితే మిషన్ "దిర్హాములా, రూపాయలా" అని అడగొచ్చు. రూపాయలే నొక్కాలి. నగదే తెస్తానంటే 5,000 డాలర్ల విలువ దాటిన నోట్లని కస్టమ్స్ దగ్గర రాసివ్వాలి.

దిర్హాము బిళ్లలు మాత్రం పత్తర్‌గట్టీలో నాకెవరూ తీసుకోలేదు, బంజారాహిల్స్‌లో మా బావకీ అంతే. మా ఇంట్లో వాటికొక హార్లిక్స్ సీసా ఉంది. గల్లీలో ఎవరు షార్జా పోతున్నా చిన్నమ్మ అందులోంచి గుప్పెడు తీసిచ్చి, "దిగంగనే చాయ్ తాగు" అని పంపుతుంది. దాని మీద ఆమె తరుగేమీ వేయదు.